కొత్త బ్యాటరీ వేసినా ఆగిపోయిన కారు

నెల్లూరు నుంచి కృష్ణపట్నం రేవుకు రోజూ కారులో ఉద్యోగానికి వెళ్ళి వస్తాను. మే నెలలో ఒక ఉదయం సెల్ఫ్ కొడితే టక్ టక్ మన్న శబ్దం తప్ప ఇంజను కదలలేదు. బ్యాటరీకి నాలుగేళ్ళు దాటాయి కదా అని, ఇంకేమీ చూడకుండా అదే రోజు కొత్త 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ కొని వేయించాను. సరిగ్గా రెండు వారాల తర్వాత ఒంగోలులో బంధువుల ఇంటి నుంచి రాత్రి తిరిగి వస్తుండగా, సింగరాయకొండ దాటినప్పటి నుంచి హెడ్‌లైట్ల వెలుగు పలచబడుతూ వచ్చి, కావలి దాటాక జాతీయ రహదారి పక్కనే కారు ఆగిపోయింది. పిల్లలు వెనక సీట్లో నిద్రపోతున్నారు, లారీలు ఊపుతూ దూసుకుపోతున్నాయి. ఆ అరగంట నాకు ఇప్పటికీ గుర్తున్నది.

మా వీధి చివర ఉండే పెద్దాయన ఆర్టీసీ డిపోలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి పదవీ విరమణ చేశారు. సంగతి విని ఆయన అన్న మాట ఇది: "చెరువులో నీళ్ళు లేవని చెరువును మారుస్తామా అబ్బయా? కాలవ పారతా ఉండాదో లేదో చూడాల గానీ." చెరువంటే బ్యాటరీ. ఇంజనుతో పాటు తిరుగుతూ కరెంటు పుట్టించి దాన్ని నింపే, మన ప్రాంతంలో అందరూ డైనమో అని పిలిచే ఆల్టర్నేటరే ఆ కాలువ. హెడ్‌లైట్లకు 10 ఆంపియర్ల దాకా, ఏసీ బ్లోయరు, రేడియేటర్ ఫ్యాను, పెట్రోలు పంపు, ఇగ్నిషన్లకు కలిపి మరో 20 వేసుకుంటే, గంటసేపు 35 ఆంపియర్లు ఇస్తుందని లెక్క వేసుకునే ఆ బ్యాటరీ, డైనమో సాయం లేకుండా ఒక్క గంట లాగడమే ఎక్కువ. పగటిపూట లైట్లు లేకుండా రేవుకు వెళ్ళి వచ్చినన్నాళ్ళూ డైనమో ఇంకా అరకొరగా ఇస్తున్న కరెంటుతో బండి నెట్టుకొచ్చి ఉంటుంది, రాత్రి లైట్ల భారం కూడా పడేసరికి చాలక ఆగిపోయింది.

ఆయన సలహా మీద బ్యాటరీని రాత్రంతా బయటి ఛార్జరుతో నింపి, మరునాడు వోల్టులు కొలిచే మల్టీమీటరు పట్టుకున్నాను. ఇంజను ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపింది, అంటే బ్యాటరీ నిండుగానే ఉన్నది. ఇంజను నడుస్తున్నప్పుడు ఆ అంకె 13.8 నుంచి 14.5 మధ్యకు ఎగబాకాలి. నా కారులో 12.3 దగ్గరే ఉండిపోయింది. హెడ్‌లైట్లు, బ్లోయరు వేస్తే 11.9కి జారింది. మా అబ్బాయి యాక్సిలరేటరు తొక్కి ఇంజను వేగం పెంచినా ఆ అంకె కదలలేదు.

ఇక్కడే డైనమోను తప్పుపట్టేయకూడదు. డైనమోను తిప్పే బెల్టు జారుతున్నా, తీగలో అడ్డు ఉన్నా మీటరు ఇదే మాట చెబుతుంది. బెల్టు మీద సన్నని పగుళ్ళు ఉన్నాయి కానీ జారడం లేదు. సముద్రపు గాలి తగిలే బండి కాబట్టి బ్యాటరీ టెర్మినళ్ళ మీద పచ్చని చిలుము పేరుకున్నది. వేడి నీళ్ళలో వంటసోడా కలిపి కడిగి, తుడిచి, మళ్ళీ కొలిచినా తేడా రాలేదు. చివరకు మీటరు ఎర్ర ముల్లును డైనమో వెనక ఉన్న లావుపాటి తీగ బోల్టుకే ఆనించాను. అక్కడ 14 వచ్చి బ్యాటరీ దగ్గర 12 వస్తే దోషం తీగది. రెండు చోట్లా అదే 12.3 వచ్చింది. ఇంజను నడుస్తుండగానే మీటరును ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంటు) కొలిచే వైపు తిప్పి బ్యాటరీకి పెట్టి చూస్తే 1.1 వోల్టులు కనిపించింది. అర వోల్టు దాటితే, డైనమోలో పుట్టే ఏసీ కరెంటును బ్యాటరీకి పనికొచ్చే డీసీగా మార్చే లోపలి డయోడ్లను అనుమానించాలి.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి, బండి ఆగితే డైనమో పోయినట్లని తేల్చే పద్ధతి కొన్ని షెడ్లలో ఇప్పటికీ ఉన్నది. బ్యాటరీ అనే ఆధారం పోగానే వోల్టేజి ఒక్కసారిగా ఎగిసి ఇంజను కంప్యూటరును కాల్చేయగలదు. మీ బండి మీద ఎవరినీ ఆ పని చేయనివ్వకండి.

విప్పేటప్పుడు ముందుగా తీయవలసింది బ్యాటరీ నెగెటివ్ తీగ. డైనమోకు వచ్చే లావు తీగ తాళంచెవితో సంబంధం లేకుండా బ్యాటరీ నుంచి నేరుగా వస్తుంది కాబట్టి, స్పానరు ఒక కొస ఆ నట్టుకూ మరో కొస ఇంజనుకూ తగిలితే నిప్పురవ్వలు లేచి చేయి కాలుతుంది. బెల్టు ఏ పుల్లీ మీదుగా ఎలా తిరుగుతున్నదో ఫోనులో ఫొటో తీసుకుని, బిగింపు బోల్టు వదులు చేసి బెల్టు తప్పించాను. కింది ఇరుసు బోల్టు మాత్రం తుప్పు పట్టి మొరాయించింది. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేశాను. తెల్లవారి పొడవాటి పిడి వేసి నిదానంగా లాగితే, కీచుమని ఒక్క మూలుగుతో కదిలింది. తొందరపడి బలం చూపి ఉంటే బోల్టు తల తెగేది.

బయటికి తీసిన డైనమోను విప్పి చూశాను. తిరిగే భాగానికి కరెంటు అందించే రెండు కార్బన్లలో ఒకటి వేలిగోరంత మిగిలింది. అవి రాసుకునే రాగి వలయం మీద వేలికి తగిలేంత గాడి పడింది. డయోడ్ల పలక మీద ఒకచోట మాడి నల్లబడిన మచ్చ ఉన్నది. కార్బన్లు మాత్రమే అరిగితే అవి మార్చుకోవడం చవకైన, మంచి మరమ్మతు, నేనూ అదే చేసేవాణ్ణి. వలయమూ డయోడూ కూడా పోయాక అతుకులు వేసి మళ్ళీ రాత్రి ప్రయాణానికి పిల్లలను ఎక్కించుకోవడం నాకు ఇష్టం లేకపోయింది, అందుకే కొత్తది తెచ్చాను. దుకాణంలోనే పాతదాని పక్కన పెట్టి పుల్లీ గాళ్ళ లెక్క, ప్లగ్గు ఆకారం, బోల్టు రంధ్రాల దూరం, ఆంపియర్ల అంకె సరిచూసుకోవాలి.

కొత్తది దాని చోటులో దూరక మొదట ఇబ్బంది పెట్టింది. బోల్టు దూరే దాని చెవిలో ఉండే చిన్న ఇనుప గొట్టాన్ని సుత్తితో మెల్లగా రెండు మిల్లీమీటర్లు వెనక్కి తడితే ఇట్టే కూర్చున్నది, బోల్టు బిగిస్తే ఆ గొట్టమే తిరిగి పట్టు ఇస్తుంది. బెల్టు కూడా కొత్తదే వేసి, పొడవైన భాగం మధ్యలో బొటనవేలితో నొక్కితే సుమారు 10 మిల్లీమీటర్లు దిగేలా బిగించాను. అంతకన్నా బిగిస్తే బేరింగు త్వరగా అరిగిపోతుంది. నెగెటివ్ తీగ అన్నిటికన్నా చివర తగిలించాను.

స్టార్టు చేయగానే డ్యాష్‌బోర్డు మీది ఎర్ర బ్యాటరీ దీపం ఆరిపోయింది. మీటరు 14.2 చూపింది. లైట్లు, బ్లోయరు, ఏసీ అన్నీ వేసినా 13.9 కంటే దిగలేదు. మీటరును ఆల్టర్నేటింగ్ కరెంటు వైపు తిప్పితే అంకె దాదాపు సున్నాకు వచ్చింది. కొత్త బెల్టు కొంచెం సాగుతుంది కనుక వారం తర్వాత ఆదివారం నాడు మళ్ళీ ఒకసారి బిగించి, ఆ రాత్రే లైట్లు వేసుకుని కావలి దాకా వెళ్ళి వచ్చాను.