అదే పేరు, ఇంకో అమెరికా

సెల్ఫీల గుంపు కాస్త పలచబడేదాకా ఆగి, ఆ బొమ్మకి బాగా దగ్గరగా వెళ్లాను. చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో, గ్రాంట్ వుడ్ 1930లో వేసిన "అమెరికన్ గోథిక్". ఇంటి ముందు నిలబడ్డ ఒక రైతు, పక్కన ఒక స్త్రీ. ఆ పెద్దాయన చేతిలో గడ్డి ఎత్తే మూడు మొనల పంగలకర్ర. అవే మూడు గీతలు ఆయన ఓవరాల్స్ మీది కుట్టులో కూడా ఉన్నాయి! ఫోన్‌లో ఎన్నిసార్లు చూసినా నా కంట పడలేదు.

అక్కడ నిలబడ్డా మనసు మాత్రం ఇదే పేరున్న ఇంకో చిత్రం మీదికి పోయింది. 1942లో వాషింగ్టన్‌లో గోర్డన్ పార్క్స్ తీసిన ఫోటో. ఎల్లా వాట్సన్, ప్రభుత్వ ఆఫీసుల్లో నేల తుడిచే నల్లజాతి మహిళ. చేతిలో చీపురు, పక్కన మాప్, వెనక అమెరికా జెండా. జెండా మసకగా ఉంటుంది, ఆమె స్పష్టంగా ఉంటుంది.

అదే నగరంలో, నల్లవాడని పార్క్స్‌ని రెస్టారెంట్‌లోకి, సినిమా హాల్లోకి రానివ్వలేదు. ఆ కోపంలో తీసిన ఫోటో అది. అయినా చూసేవాళ్లకి ముందు కనిపించేది ఆమె హుందాతనమే.

వుడ్ బొమ్మలో కష్టజీవుల మీద గౌరవం ఉంది, కాదనను. కానీ అందరూ సమానమని రాసుకున్న దేశం ఎవరి కష్టాన్ని తన ముఖంగా చూపించుకుంటుంది? ఆ ప్రశ్న అడిగింది పార్క్సే.

ఆయన ఆ ఒక్క ఫోటోతో ఆగలేదు. ఆమె ఇంట్లో, మనవలతో, చర్చిలో కూడా తీశాడు. వీలైతే అవి వెతికి చూడండి. నాకు అవే ఎక్కువ ఇష్టం.