సైకోథెరపీ చేయాలంటే ఏ పీజీ? ఎం.ఫిల్. సీటు వచ్చాక నా మాట

మొన్న లిస్టులో నా నంబర్ కనబడింది. క్లినికల్ సైకాలజీ ఎం.ఫిల్. సీటు! అప్పటినుంచి ఆంధ్రా యూనివర్సిటీ జూనియర్లది ఒకటే ప్రశ్న: "అక్కా, థెరపిస్ట్ అవ్వాలంటే ఏ పీజీ చెయ్యాలి?"

కోర్సు పేరు తర్వాత, ముందు లైసెన్స్ సంగతి చూడండి. మందులు రాయాలనుంటే ఎంబీబీఎస్, ఆపై సైకియాట్రీ ఎండీ. క్లినికల్ సైకాలజిస్టుగా రిజిస్టర్ కావడానికి నేను ఎంచుకున్న దారి సైకాలజీలో పీజీ, దానిమీద ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తింపున్న రెండేళ్ల ఎం.ఫిల్. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టంలోని నిర్వచనంలోనూ ఈ దారి ఉంది. వీకెండ్ కౌన్సెలింగ్ డిప్లొమాతో ఆర్‌సీఐ నంబర్ రాదు. నేను ఎంఏ సైకాలజీలో చేరింది అందుకే. "చదివి చదివి చినవాల్తేరు మానసిక ఆసుపత్రికేనా" అని మా పెద్దమ్మ దెప్పింది. దెప్పనీ.

రాతపరీక్షకి స్టాటిస్టిక్స్, సైకోపాథాలజీ (మానసిక రుగ్మతల పాఠాలు), ఐసీడీ-11 (జబ్బుల వర్గీకరణ), పాత పేపర్లు. అది మీకు తెలిసిందే. గత ఏడాది నాకు సీటు తప్పింది ఇంటర్వ్యూలోనే. ఉన్నవే గుప్పెడు సీట్లు, నాకంటే బాగా మాట్లాడినవాళ్లకి వెళ్లాయి. ఈసారి ఫ్రెండూ నేనూ బీచ్ రోడ్డులో రోజూ సాయంత్రం కేసులు ఆడాం. ఒకరు పేషెంట్, ఒకరు థెరపిస్ట్, అంతా తెలుగులోనే.

ఇంటర్వ్యూలో అదే పనికొచ్చింది. ప్రశ్న ఇదీ: "డిగ్రీ కుర్రాడు గంటలకొద్దీ చేతులు కడుగుతాడు. వాళ్లమ్మ బకెట్లు నింపి ఇస్తుంది. ఏం చేస్తావు?" ఓసీడీ (వదలని భయం, చేసిందే చేయడం), ఈఆర్‌పీ (భయాన్ని ఎదుర్కొంటూ ఆ పని చేయకుండా ఆగే థెరపీ) అనేదాకా అందరూ చెబుతారు. "నేనే ఆ తల్లిని, నాకు చెప్పు" అన్నారు ఇంటర్వ్యూ చేస్తున్న మేడం.

"అమ్మా, కడుక్కోగానే బాబుకి భయం తగ్గుతుంది, అందుకే మళ్లీ కడుగుతాడు. తక్కువ భయమున్నదానితో మొదలుపెడదాం. తలుపు గడియ ముట్టుకుని, కడక్కుండా కూర్చుంటాడు. 'ఏం కాదు కదమ్మా' అని పదేపదే అడుగుతాడు. మీరు ఊరడించకూడదు."

"వాడు ఏడిస్తే?"

"పక్కన కూర్చోండి. బకెట్ మాత్రం నింపకండి. ఏది ఎప్పుడు మానాలో ముగ్గురం ముందే అనుకుందాం."

తర్వాతి ప్రశ్నలకి టెన్షన్ లేదు. లక్ అంటున్నారు కొందరు. వాళ్లు రీల్స్ చూసే టైమ్‌లో మేం ఇసకలో కూర్చుని చేసిందేంటో మరి! రోజూ కూర్చోకుండా ఏ మెటీరియల్ కొన్నా దండగ.

మీ బ్యాచ్‌కి రూల్స్ మారుతున్నాయి. యూజీసీ ఎం.ఫిల్.లు ఆపేసింది, మన క్లినికల్ సైకాలజీ ఎం.ఫిల్. అడ్మిషన్లకి సడలింపు ఇచ్చింది 2025-26 వరకే. ఆర్‌సీఐ ఎంఏ క్లినికల్ సైకాలజీ కోర్సు తెచ్చింది. ఫీజు కట్టేముందు కాలేజీ, కోర్సు, ఆ ఏడాది అనుమతి మూడూ ఆర్‌సీఐ సైట్‌లో చూసుకోండి. నా స్టాటిస్టిక్స్ నోట్సు జిరాక్స్ కావాలంటే ఈ నెలాఖరులోపు అడగండి, ఆ తర్వాత నేను వైజాగ్‌లో ఉండను.