ప్రవేశం ఉచితం అని రాశారు కదా, వెళ్దాం రండి

ఒడిశాలోని మా బరంపురంలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఊరి బయట యూనివర్సిటీలో అప్పుడప్పుడు పబ్లిక్ లెక్చర్లు పెడతారు, బయటి ఊళ్ళ నుంచి శాస్త్రవేత్తలు, చరిత్రకారులు, డాక్టర్లు వచ్చి మాట్లాడతారు. అక్కడ చదివే పిల్లలే రావాలని లేదు, ఎవరైనా వెళ్ళొచ్చు. టికెట్ లేదు, ఫీజు లేదు. పోస్టర్ అడుగున చిన్న అక్షరాల్లో ప్రవేశం ఉచితం, అందరికీ ఆహ్వానం అని ఉంటుంది. ఆ 'అందరూ' అన్నదాంట్లో పెద్ద బజారులో కొట్టు నడిపేవాళ్ళూ, పట్టు మగ్గం నేసేవాళ్ళూ, గోపాలపూర్ ఒడ్డున వల లాగేవాళ్ళూ ఉన్నారు. హాల్లో చూస్తే మాత్రం ముందు వరసలో ప్రొఫెసర్లు, వెనకంతా అటెండెన్స్ కోసం వచ్చిన పిల్లలు, మధ్యలో బోలెడు ఖాళీ కుర్చీలు.

నేను బట్టల కొట్లో లెక్కలు రాస్తాను. డిగ్రీతో చదువు ఆగిపోయింది, కానీ తెలుసుకోవాలన్న ఆకలి ఆగలేదు. అందుకే ఈ లెక్చర్ల గురించి ఇంత పట్టుదలగా రాస్తున్నాను.

ముందుగా తాబేళ్ళ లెక్చర్ గురించి చెప్పాలి. మన గంజాం జిల్లాలో రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెడతాయని మన అందరికీ తెలుసు, పేపర్లో ఫోటో వేస్తారు, చూసి పేజీ తిప్పేస్తాం. 2025లో దాదాపు 7 లక్షల తాబేళ్ళు ఒడ్డుకొచ్చాయి. కొన్నేళ్ళు అలా గుంపుగా అసలు రావు. ఎందుకు వస్తాయో, ఎందుకు రావో అన్నది ఆ రోజు మాట్లాడిన ఆమె ఎన్నో ఏళ్ళుగా ఇసుకలో రాత్రిళ్ళు గడిపి వెతుకుతున్న విషయం. ఒక్కో తాబేలు సుమారు వంద గుడ్లు పెట్టి, ఇసుక కప్పేసి, వెనక్కి తిరిగి చూడకుండా నీళ్ళలోకి వెళ్ళిపోతుంది. పొదగడం అంతా ఇసుక వేడితోనే, దాదాపు 45 నుంచి 55 రోజులు. ఇక్కడే నాకు ఒళ్ళు జలదరించిన విషయం చెప్పింది: గుడ్డులోని పిల్ల ఆడదా మగదా అన్నది ఆ ఇసుక వేడే తేలుస్తుందట. ఇసుక ఎక్కువ వేడిగా ఉంటే ఎక్కువగా ఆడపిల్లలు, చల్లగా ఉంటే ఎక్కువగా మగపిల్లలు. అంటే ఎండలు ముదిరే కొద్దీ, మనకి చెమట పట్టడంతో ఆగదు, సముద్రంలో ఒక జాతి మొత్తం లెక్క మారిపోతుంది. ఈ ముక్క విన్నాక నేను ఏప్రిల్ ఎండని ఇంతకు ముందులా చూడలేకపోతున్నాను.

పిల్లలు ఇసుకలోంచి పైకొచ్చాక వెలుతురు ఎటు ఎక్కువ ఉంటే అటు పాకుతాయి. ఒకప్పుడు రాత్రిపూట సముద్రం మీదే వెలుతురు ఎక్కువ, కాబట్టి సరిగ్గా నీళ్ళలోకే వెళ్ళేవి. ఇప్పుడు ఊళ్ళ లైట్లు, రోడ్డు లైట్లు చూసి అటు మళ్ళిపోతున్నాయి. అందుకే ఆ రోజుల్లో ఒడ్డు పొడవునా వలలు కట్టి, దారి తప్పిన పిల్లల్ని ఏరి బకెట్లలో తీసుకెళ్ళి నీళ్ళ దగ్గర వదులుతారు. ఆ పని చేసేవాళ్ళలో చాలామంది ఆ చుట్టుపక్కల పల్లెల కుర్రాళ్ళే.

ఆ లెక్చర్‌కి నాతో పాటు మాకు చేపలు తెచ్చిచ్చే పిన్ని కొడుకుని తీసుకెళ్ళాను. ఒడియా వాళ్ళు నోలియాలు అంటారు చూడండి, ఈ ఒడ్డు పొడవునా ఉన్న మన తెలుగు జాలర్లు, వాళ్ళల్లో వాడు. తాబేళ్ళ కోసం ప్రతి ఏడాదీ నవంబర్ 1 నుంచి మే 31 దాకా రుషికుల్య ముఖం దగ్గర ఒడ్డు నుంచి 20 కిలోమీటర్ల లోపల చేపల వేట మీద నిషేధం ఉంటుంది, ఏడు నెలలు. ఆ నిషేధం బరువు మోసేది వాళ్ళ ఇళ్ళు. అలాంటి వాడు ఆ హాల్లో కూర్చోకపోతే ఇంకెవరు కూర్చోవాలి?

ప్రశ్నలకి టైమ్ ఇచ్చినప్పుడు వాడు చెయ్యెత్తాడు. మైకు పుచ్చుకుని మన యాసలోనే అడిగాడు: "దక్షిణం గాలి తిరగబడితే తాబేళ్ళు గట్టెక్కుతాయని మా తాత అనీవోడండి. నిజమేనేటండి?" హాల్లో ఒకళ్ళిద్దరు నవ్వారు. నా పక్కనున్న ఎమ్మెస్సీ అమ్మాయి లేచి దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. ఆ మేడమ్ మొహం వెలిగిపోయింది. గట్టి దక్షిణపు గాలులకీ ఈ గుంపు రాకకీ సంబంధం ఉందని పరిశోధకులు కూడా గమనించారని చెప్పి, ఎదురు ప్రశ్నలు మొదలుపెట్టింది. ఎన్ని రోజులు గాలి వీచాక వస్తాయి, చంద్రుడు ఎలా ఉంటాడు, మీ తాతగారు ఇంకేం చెప్పేవారు అని. వాడు చెప్తుంటే నోట్‌బుక్ తీసి రాసుకుంది. తర్వాత వాడు ట్రాలర్ల (పెద్ద వలలు లాగే మరపడవల) సంగతి ఎత్తాడు, ఆమె అదీ దాటేయలేదు. తాబేలు గాలి పీల్చుకోడానికి పైకి రావాలి, గంటల తరబడి లాగే ట్రాలు వలలో చిక్కితే ఊపిరాడక చచ్చిపోతుంది, తాబేలు బయటపడే దారి ఉన్న వలలు ట్రాలర్లకి కట్టాలని అందుకే అంటున్నాం అని ఓపిగ్గా వివరించింది. వాడికి అన్ని జవాబులూ నచ్చలేదు, ఆ మాట అక్కడే చెప్పాడు కూడా. అలా చెప్పగలిగే చోటు ఈ జిల్లాలో వాడికి ఇంకెక్కడ దొరుకుతుంది?

ఇంకో సాయంత్రం తుఫానుల మీద. ఈ ఊళ్ళో పెరిగిన వాళ్ళకి ఫైలిన్ పేరు చెప్తే చాలు, 2013 అక్టోబర్ 12 రాత్రి ఎవరు ఎక్కడ ఉన్నారో గుర్తుకొస్తుంది, అది గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. దాదాపు పది లక్షల మందిని ముందే ఖాళీ చేయించారు కాబట్టి చావులు పదుల్లో ఆగాయి, 1999లో పారాదీప్ దగ్గర వచ్చిన సూపర్ సైక్లోన్‌లో మాత్రం పదివేల మంది దాకా పోయారు. ఇంతవరకు నాకూ తెలుసు. తెలియనిది ఉప్పెన సంగతి. గాలి నీళ్ళని ఒడ్డుకి తోస్తుంది, సముద్రం అడుగు ఒడ్డు దగ్గర చాలా దూరం లోతు లేకుండా ఉంటే ఆ నీళ్ళకి పోయే దారి లేక పైకి పొంగుతాయి. పారాదీప్, బాలాసోర్ వైపు సముద్రం అలా లోతు తక్కువ, మన గోపాలపూర్ వైపు త్వరగా లోతు అయిపోతుంది, అందుకే గాలి భయంకరంగా ఉన్నా ఇక్కడ ఉప్పెన అంత ఎత్తు లేవలేదు. అలాగని మనం క్షేమం అనుకోడానికి లేదు. 2018 అక్టోబర్‌లో తిత్లీ శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటితే, కొండచరియలు విరిగిపడి మనుషులు పోయింది గజపతి జిల్లా కొండల్లో. సముద్రానికి దూరంగా ఉన్నవాళ్ళం మాకేంటి అనుకునే పర్లాకిమిడి వైపు చుట్టాలకి ఈ మాట ఫోన్ చేసి మరీ చెప్పాను.

ఇలాంటి లెక్చర్లతో ఏమొస్తుంది అని కొట్లో ఒకరడిగారు. నాకు ఫారడే గుర్తొచ్చాడు. లండన్‌లో పుస్తకాలు బైండింగ్ చేసే కొట్లో పనికి కుదిరిన కుర్రాడు, పెద్ద చదువు లేదు. 1812లో ఆ కొట్టుకొచ్చే ఒకాయన, పేరున్న రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఉపన్యాసాలకి టికెట్లు ఇస్తే వెళ్ళి, విన్నదంతా రాసుకుని, తన చేత్తోనే బైండింగ్ చేసి డేవీకి పంపాడు. మరుసటి ఏడాది డేవీ దగ్గరే పని దొరికింది. ఇవాళ మన ఇంట్లో కరెంటు వస్తోందంటే ఆ మనిషి కనిపెట్టినవే దానికి పునాది. తను అలా పైకొచ్చాడు కాబట్టే కాబోలు, 1825లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లల కోసం క్రిస్మస్ లెక్చర్లు మొదలుపెట్టించాడు, అవి ఇప్పటికీ నడుస్తున్నాయి.

మన దేశంలోనూ ఉంది ఆ దారి. 1876లో కలకత్తాలో మహేంద్రలాల్ సర్కార్ అనే డాక్టరు చందాలు పోగుచేసి ఒక సైన్స్ సంఘం పెట్టాడు, మామూలు జనానికి సైన్స్ ఉపన్యాసాలు ఇప్పించడం దాని పనుల్లో ఒకటి. ఆ తర్వాత 1907లో అక్కౌంట్స్ ఆఫీసులో ఉద్యోగానికి కలకత్తా వెళ్ళిన ఒక యువకుడు ఆ సంఘం బోర్డు చూసి లోపలికి వెళ్ళాడు, ఆఫీసు టైమ్ కాగానే అక్కడే ప్రయోగాలు చేసుకునేవాడు. ఆయనే సి.వి. రామన్, మన విశాఖపట్నంలో స్కూలు చదువు చదువుకున్న రామన్. తలుపు తీసి ఉంటే ఎవరు లోపలికొస్తారో ఎవరికి తెలుసు? ముంబయిలో టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 2009 నుంచి 'చాయ్ అండ్ వై' అని ఆదివారాలు నడుపుతున్నారు, నాటకాలు ఆడే చోట కూర్చుని సైన్స్ మాట్లాడతారు, ఎవరైనా వెళ్ళొచ్చు. అంత పెద్ద ఊళ్ళో అవుతున్నది మన ఊళ్ళో ఎందుకు కాదు?

కాకపోడానికి కారణాలు నాకు కనిపిస్తూనే ఉన్నాయి. లెక్చర్ పెట్టేది పనిరోజున పొద్దున పదకొండింటికి. పోస్టర్ ఇంగ్లీషులో, అది కూడా వెబ్‌సైట్లో, డిపార్ట్‌మెంట్ గోడ మీద. మాట్లాడేది మొత్తం ఇంగ్లీషులో. ఒక క్యాంపస్‌లో అయితే గేటు దగ్గర సెక్యూరిటీ అతను మా పిన్ని కొడుకుని ఐడీ కార్డు అడిగి పావుగంట నిలబెట్టాడు, లోపల నుంచి ఎవరో వచ్చి చెప్తే గానీ వదల్లేదు. చొక్కా చూసి మనిషిని ఆపితే ఇంక అందరికీ ఆహ్వానం అని రాయడం దేనికి? ఈ విషయంలో నాకు నిజంగా కోపం ఉంది.

భాష సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. 1936 దాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, ఒడియా, తెలుగు రెండూ వీధుల్లో కలిసి పెరిగాయి, వి.వి. గిరి గారు పుట్టింది ఇక్కడే. మన పక్కనే పర్లాకిమిడి ఉంది. రాజావారి స్కూల్లో పంతులుగా చేరిన గిడుగు రామమూర్తి గారు చదువు జనం మాట్లాడే భాషలోనే ఉండాలని జీవితమంతా పోరాడింది అక్కడి నుంచే. అంతటితో ఆగలేదు ఆయన, కొండల్లో సవరల భాష నేర్చుకుని, సొంత డబ్బుతో వాళ్ళ పిల్లలకి వాళ్ళ భాషలోనే బడులు పెట్టాడు. అలాంటి మనిషి తిరిగిన నేల మీద ఒక శాస్త్రవేత్త గంటసేపు మాట్లాడితే, చివర్లో పది నిమిషాలు ఒడియాలో, పది నిమిషాలు తెలుగులో సారాంశం చెప్పించలేమా? అతిథికి ఈ భాషలు రావాలని లేదు, ఒప్పుకుంటాను, కానీ ఆ డిపార్ట్‌మెంట్‌లోనే రెండు భాషలూ వచ్చిన పరిశోధక విద్యార్థులు ఉన్నారు. ఆ రోజు ఎమ్మెస్సీ అమ్మాయి ఎవరూ చెప్పకుండానే చేసింది కదా. ఆ పిల్లలకీ మంచిదే, తాము చదివేది అమ్మకి అర్థమయ్యేలా చెప్పడం వస్తే సబ్జెక్టు ఇంకా బాగా పట్టుబడుతుంది.

యూనివర్సిటీ వాళ్ళని నేను అడిగేవి పెద్ద ఖర్చుతో అయ్యేవి కావు. శనివారం సాయంత్రం పెట్టండి. పోస్టర్ మూడు భాషల్లో వేసి బస్టాండులో, గిరి రోడ్డులో, చేపల బజారులో అంటించండి. తాబేళ్ళ మీద, సముద్రం మీద మాట్లాడే అతిథి వస్తే ఆ లెక్చర్ ఒక్కసారైనా గోపాలపూర్ ఒడ్డునే పెట్టండి, తెర, ప్రొజెక్టర్ ఉంటే చాలు.

ఇక మనవైపు నుంచి. ఇంగ్లీషు రాదని భయపడకండి, బొమ్మలు, పటాలు చాలావరకు అర్థమవుతాయి, మిగతాది పక్కన కూర్చున్న విద్యార్థిని అడిగితే సంతోషంగా చెప్తారు. ముందు వరసల్లో కూర్చోండి. ప్రశ్న తెలుగులోనే అడగండి, ఒడియాలో అడగండి, అర్థం చేసుకోవడం హాల్లో ఉన్నవాళ్ళ పని. అయిపోగానే లేచి రాకండి, టీ ఇస్తారు, మాట్లాడిన మనిషి అక్కడే నిలబడి ఉంటారు, మైకులో అడగలేని మాటలు అప్పుడు అడగొచ్చు, నాకైతే సగం విషయాలు అక్కడే తెలిశాయి. ఇంటర్ చదివే పిల్లలుంటే తప్పకుండా తీసుకెళ్ళండి, ట్యూషన్ ఒక పూట మానేసినా పరవాలేదు.

ఆటోకి నలుగురు కలిస్తే ఖర్చు తగ్గుతుంది, చివర్లో ఆలస్యమైతే తిరుగు ఆటో దొరకడం కష్టం కాబట్టి వెళ్ళిన ఆటో అతని నంబరే తీసుకోండి. గేటు దగ్గర ఎవరైనా ఆపితే పోస్టర్ ఫోటో ఫోన్‌లో తెరిచి, అందరికీ ఆహ్వానం అన్న లైను చూపించి, లోపలికి నడవండి.