నిశ్చితార్థానికి పాత ఉంగరం కొన్న నా అనుభవం

నిన్న సాయంత్రమే ఉంగరం చేతికొచ్చింది. సంతోషం ఎంతుందో కోపం కూడా అంతే ఉంది, అందుకే ఆలస్యం చేయకుండా రాసేస్తున్నా.

నిశ్చితార్థానికి నాకు పాతకాలం ఉంగరమే కావాలి. మా అవ్వ చేతికి ఎర్రరాళ్ళ వంకీ ఉంగరం ఉండేది. చిత్తూరు దగ్గర మా ఊళ్ళో బోరు ఎండిపోయి ఇంకోటి వేయించిన ఏడాది దాన్ని అమ్మేశారు. అలాంటిది మళ్ళీ దొరుకుతుందేమోనని ఆశ. మా కాబోయే ఆయన సరేనన్నాడు. వాళ్ళమ్మగారు మాత్రం "ఎవరో పెట్టుకుని తీసేసింది శుభకార్యానికా?" అన్నారు గానీ, ఆయనే సర్దిచెప్పాడు.

ముందు తిరుపతి గాంధీ రోడ్డులో నాలుగు షాపులు తిరిగాం. పాతది అనగానే "యాంటిక్ ఉంది మేడం" అంటూ ట్రేలు పరిచారు. అదంతా కొత్త బంగారమే, మెరుపు తగ్గించి మసక పాలిష్ వేస్తారు, తరుగు మాత్రం మామూలు ఉంగరం కంటే ఎక్కువ చెప్పారు. నిజంగా పాతదైతే చాలావరకు కొన్నది కొన్నట్టు కరిగించేస్తారు. అది కరగకముందే పట్టుకోవాలి.

గోవిందరాజస్వామి గుడి దగ్గర సందులో మా నాయనకు తెలిసిన ఆచారి ఒకాయన ఉన్నాడు. చెప్పి పెడితే నెల తర్వాత ఫోన్ చేశాడు. ఎవరో పెద్దావిడ అమ్మమని ఇచ్చిందట. ఏడు ఎర్రరాళ్ళ వంకీ, నాలుగు గ్రాముల పైచిలుకు, వెనక మూసిన కట్టడం, రాళ్ళ కింద రేకు, లోపల లక్క. వేలికి రాసుకునీ రాసుకునీ కింది వైపు కమ్మీ సన్నగా అరిగిపోయింది. ఆ అరిగిన చోటు తడిమి చూశాక ఇక ఇంకోటి వద్దనిపించింది. "రెండు రోజులు పెట్టుకోండి సారూ, ఎక్కడైనా చూపించుకుని రండి" అని చేతిలో పెట్టేశాడు ఆచారి.

సరే, టచ్ (బంగారం ఎంత స్వచ్ఛమో) చూపిద్దామని నేనూ నాయనా ఒక పెద్ద షాపుకి వెళ్ళాం. పేరు రాయను. నాయన జేబులోంచి కర్చీఫ్ తీసి, ముడి విప్పి, ఉంగరం కౌంటర్ మీద పెట్టాడు. ఆ అబ్బాయి దాన్ని చిమటాతో ఎత్తి చూసి "బిల్లేది?" అన్నాడు. లేదు, పాతది, టెస్టింగ్ మాత్రం చేయండి, డబ్బులిస్తాం అన్నాను. "బిల్లు లేదు, హాల్‌మార్క్ ముద్ర లేదు, ఎక్కడిది మరి?" అని మా నాయన మొహం చూస్తూ గట్టిగా అడిగాడు. పక్కన గాజులు చూస్తున్న వాళ్ళంతా ఇటు తిరిగారు. మేనేజర్ వచ్చాడు, సెక్యూరిటీ మనిషి కూడా వచ్చి వెనక నిలబడ్డాడు. ఆధార్ అడిగారు, ఇచ్చాం. ముద్ర లేని బంగారం దగ్గర పెట్టుకోవడమే చట్టవిరుద్ధం అని మేనేజర్ చెప్పాడు. ముక్కాలు గంట అలా నిలబెట్టి, చివరికి "కరిగించి ఇస్తాం, రాళ్ళకి విలువ కట్టం" అన్నాడు. ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పిన మనిషి మా నాయన. ఒక్క మాట అనకుండా ఉంగరం మళ్ళీ మూట కట్టాడు, ముడి మాత్రం రెండుసార్లు జారిపోయింది. నేను బయటికొచ్చి ఏడ్చాను.

ఆ మేనేజర్ చెప్పింది అబద్ధం. 2023 ఏప్రిల్ 1 నుంచి హెచ్‌యూఐడీ (అక్షరాలూ అంకెలూ కలిపి ఆరుండే, ఒక్కో నగకీ విడిగా ఇచ్చే గుర్తింపు) ముద్ర ఉన్న నగలే అమ్మాలన్న నిబంధన షాపులకి. మన ఇంట్లో ఉన్న పాత నగలకి కాదు. రెండు గ్రాముల లోపు వాటికీ, రాళ్ళు పొదిగే కుందన్, జడావు పనికీ షాపుల్లో కూడా మినహాయింపు ఉంది. ఇది తెలియకే అక్కడ నోరెత్తలేకపోయాను. షోరూములో టచ్ అడగొద్దు, నేరుగా హాల్‌మార్కింగ్ సెంటర్‌కే వెళ్ళండి. మరుసటి రోజు మేం అదే చేశాం. నాలుగు వస్తువుల దాకా 200 రూపాయలన్నారు. బిల్లు ఊసే ఎత్తలేదు, మెషీన్లో పెట్టి కాగితం ఇచ్చారు. 20 క్యారెట్లు వచ్చింది. ముక్కలు అతికించడానికి వాడే అతుకు పొడి వల్ల పాత నగల్లో అలా తగ్గుతుందని ఆచారి ముందే చెప్పాడు, ధర కూడా 20 లెక్కనే కట్టాడు. లక్క బరువు ఇంత ఉంటుందని అంచనా వేసి అదీ తీసేశాడు.

రాళ్ళు బర్మా కెంపులేనా అని అడిగితే ఆయనే భూతద్దం చేతికిచ్చాడు. లోపల గుండ్రటి బుడగలు, గ్రామఫోన్ రికార్డు మీద గాళ్ళలాగా వంపు గీతలు. కొలిమిలో చేసిన రాళ్ళు పాపా అన్నాడు. ఫ్రాన్స్‌లో వెర్నూయ్ అనే ఆయన 1902లోనే ఈ పద్ధతి బయటపెట్టాడట, అందుకే పాత నగల్లో కూడా ఈ రాళ్ళు బోలెడు ఉంటాయి. పాత నగ కదా అని రాళ్ళకి గుడ్డిగా డబ్బు పోయొద్దు. నాకు మాత్రం అవే కావాలి, మా అవ్వవీ ఇవే అయ్యుంటాయి.

ఉంగరం కాస్త వదులు. మంట తగిలితే లక్క కరుగుతుంది, రేకు నల్లబడుతుంది, సైజు చేయను అన్నాడు ఆచారి. కుంకుడు రసంలో నానబెట్టొద్దని కూడా రెండుసార్లు చెప్పాడు. రాత్రి మా అమ్మ కమ్మీ చుట్టూ, సరిగ్గా ఆ అరిగిన చోటే, ఎర్ర పట్టుదారం చుట్టి ఇచ్చింది. ఇప్పుడు జారడం లేదు.