1858 నాటి సెవిల్ గిటార్

నేను మొదట కొనుక్కున్న గిటార్‌కు శబ్దరంధ్రం చుట్టూ రంగురంగుల వలయం ఒకటి ఉండేది. రెండు వానాకాలాలు గడిచేసరికి దాని అంచు పైకి లేచింది. అది అచ్చువేసిన కాగితమని అప్పుడు తెలిసింది. అసలైన వలయాన్ని ఎలా చేస్తారో తెలుసుకోవాలని మొదలుపెట్టిన వెతుకులాట నన్ను ఆంతోనియో దే తోరెస్ అనే వడ్రంగి దగ్గరికి, ముఖ్యంగా 1858లో ఆయన స్పెయిన్ దేశపు సెవిల్ నగరంలో జరిగిన ప్రదర్శనలో ఉంచిన గిటార్ దగ్గరికి తీసుకువెళ్లింది. ‘లా కుంబ్రే’, అంటే ‘శిఖరం’, అన్న పేరుతో పిలిచే ఆ వాద్యానికి ఆ ప్రదర్శనలో కంచు పతకం దక్కింది.

తోరెస్ 1817లో అల్మేరియా పట్టణ శివారులోని ఒక పల్లెలో పుట్టారు. చిన్నతనంలోనే వడ్రంగం నేర్చుకున్నారు, వయసులో ఉండగానే భార్యను పోగొట్టుకున్నారు, ఆ తరువాత సెవిల్ చేరారు. అక్కడ హూలియాన్ ఆర్కాస్ అనే గిటార్ విద్వాంసుడితో ఏర్పడిన పరిచయం ఆయనను ఆ వాద్యం మీదే మనసు నిలిపేలా చేసింది.

ఆయన గిటార్‌లన్నింటిలోనూ అలంకారం విషయంలో ‘లా కుంబ్రే’కు సాటివచ్చేవి అరుదు. దాని ఫొటో చూసినప్పుడల్లా నాకు మొదట తట్టేది పొదుగుడు పని వెనుక ఉన్న ఓర్పు. ఇలాంటి వలయంలో కనిపించే పూలూ గళ్లూ కుంచెతో దిద్దినవి కావు. రంగు పట్టించిన సన్నని చెక్కపొరలను ఒక క్రమంలో పేర్చి అతికిస్తారు. ఆ దొంతరను సన్నని బద్దలుగా కోసి, క్రమం మార్చి పేర్చిన మరికొన్ని దొంతరల బద్దలతో కలిపి మళ్లీ అతికిస్తే ఒక దిమ్మ తయారవుతుంది. దిమ్మ కొసన నమూనా కనిపిస్తుంది. కొస నుంచి పలుచని బిళ్లలు కోసి, గిటార్ పైపలకలో గుండ్రంగా తొలిచిన గాడిలో ఒకదాని పక్కన ఒకటి కూర్చి, జిగురు ఆరాక పలకతో సమంగా చిత్రిక పడతారు. పోచంపల్లిలో నేతకు ముందే నూలుకు రంగు అద్ది పువ్వును నిర్ణయించినట్టు, ఇక్కడ కూడా లెక్కంతా మొదటి పొర పేర్చేటప్పుడే తేలిపోవాలి. ఒక్క పొర తారుమారైతే ఆ తప్పు వలయం పొడవునా తిరిగి తిరిగి కనిపిస్తుంది.

అంచుల వెంట సాగే పొదుగుడుకు అందంతో పాటు మరో పని కూడా ఉంది. పైపలక స్ప్రూస్ చెక్కతో, రెండు మూడు మిల్లీమీటర్ల మందంతోనే ఉంటుంది కాబట్టి దాని అంచుకు దెబ్బా తేమా తగలకుండా ఆ పట్టీ కాపాడుతుంది. అయితే తీగల కదలికకు స్పందించవలసిన పైపలక నడిభాగాన్ని నగిషీతో బరువెక్కించకూడదు. తోరెస్ గొప్పతనం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ఆయన గిటార్ పొట్టను పెద్దది చేశారు, పైపలకను పలుచగా ఉంచి కొద్దిగా ఉబ్బెత్తుగా మలిచారు, దాని లోపలి వైపున ఏడు సన్నని బద్దలను విసనకర్ర ఆకులలాగా అమర్చే పద్ధతికి పరిణతి తెచ్చారు. విసనకర్ర అమరిక ఆయనకు ముందే స్పెయిన్‌లో ఉన్నా, ఈనాటి శాస్త్రీయ గిటార్ చాలావరకు ఆయన స్థిరపరిచిన రూపాన్నే అనుసరిస్తుంది.

‘లా కుంబ్రే’ తరువాత నాలుగేళ్లకు, 1862లో, ఆయన వెనుకభాగాన్నీ పక్కలనూ అట్టతో చేసి, పైపలకను మాత్రం చెక్కతో అమర్చిన ఒక గిటార్ తయారుచేశారు. నాదానికి పైపలకే మూలమన్న తన నమ్మకాన్ని పరీక్షించడానికే ఆ పని చేశారని చెబుతారు. ప్రస్తుతం అది బార్సిలోనాలోని సంగీత మ్యూజియంలో ఉంది. ఈ రెండు గిటార్‌ల ఫొటోలను పక్కపక్కన పెట్టుకుని నేను చాలాసేపు చూస్తుంటాను. పొదుగుడుకు అంత శ్రమ ధారపోసిన మనిషే, ఆ పొదుగుడుతో పాటు చెక్కను కూడా తీసివేస్తే ఏం మిగులుతుందో వినాలనుకున్నారు.

1864లో ఆయన చేసిన మరో గిటార్ ఫ్రాన్సిస్కో తార్రెగా చేతికి వెళ్లి, ఏళ్ల తరబడి ఆ విద్వాంసుడి వెంటే ఉంది. ఇంత పేరు వచ్చినా తోరెస్‌కు గిటార్‌లతో బతుకు సాగలేదు. 1870 ప్రాంతంలో అల్మేరియాకు తిరిగి వెళ్లి పింగాణీ, గాజు సామాను అమ్మే దుకాణం పెట్టుకున్నారు. కొన్నేళ్లకు మళ్లీ ఉలి పట్టారు. అప్పటి నుంచి 1892లో కన్నుమూసేదాకా గిటార్‌లు చేస్తూనే ఉన్నారు.