మా హైస్కూల్లో విద్యార్థి పార్లమెంటు: జూన్ నుంచి జనవరి దాకా

జిల్లా పరిషత్ హైస్కూల్లో విద్యార్థి పార్లమెంటు, అంటే విద్యార్థి సంఘం బాధ్యత ఎవరి నెత్తిన పడుతుందో చెప్పక్కర్లేదు. పౌరశాస్త్రం చెప్పేది సోషల్ సారు కాబట్టి ఎన్నికలు పెట్టేదీ ఆయనే అని స్టాఫ్ మీటింగులో అర నిమిషంలో తేలిపోతుంది. నాకూ అలాగే వచ్చింది. తెలంగాణలో కొత్తగా ఈ పని తీసుకున్న టీచర్ల కోసం, పోటీ చేయాలనుకునే పిల్లల కోసం, ఏది ఎప్పుడు చేయాలో, ఎక్కడ గాడి తప్పుతుందో రాస్తున్నాను. లెక్కలన్నీ ఆరు నుంచి పది దాకా సుమారు 200 మంది పిల్లలున్న బడికి.

నోటిఫికేషన్ కంటే ముందు ఒక పని ఉంది. హెడ్‌మాస్టర్ (హెచ్‌ఎం) గారి దగ్గర కూర్చుని ఒక్క విషయం ఖాయం చేసుకోవాలి. పిల్లల పార్లమెంటు ఏ తీర్మానం పంపినా ఏడు రోజుల్లో ఆయన రిజిస్టర్‌లో రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఒప్పుకోనక్కర్లేదు. "ఈ ఏడాది కుదరదు, నిధులు లేవు" అని రాసినా చాలు, కానీ రాయాలి. దీనికి ఆయన ఊ అనకపోతే నేనైతే ఎన్నికలు పెట్టను. జవాబు రాని బడిలో ఆగస్టు మీటింగుకి పదకొండు మంది వస్తారు, సెప్టెంబరుకి ఆరుగురు, దసరా సెలవుల తర్వాత ఎవరూ రారు. బ్యాడ్జీలు మాత్రం మిగులుతాయి.

ఇక తేదీలు. జూన్ 12న బడి తెరిచాక రెండు వారాలు అడ్మిషన్లు, పుస్తకాలు, యూనిఫాంలతోనే గడిచిపోతాయి. ఆరో తరగతి హాజరు పట్టీ అప్పటికింకా కుదురుకోదు. ఓటరు జాబితా తీసేది ఆ పట్టీ నుంచే, కాబట్టి తొందరపడితే పోలింగ్ రోజు పేరు లేని పిల్లలు తలుపు దగ్గర ఏడుపు మొహాలతో నిలబడతారు. జూలై చివర్లో ఎఫ్‌ఏ-1 (మొదటి నిర్మాణాత్మక మూల్యాంకనం) పరీక్షలు ఎలాగూ ఉంటాయి. మధ్యలో దొరికేది మూడు వారాలు. జూలై మొదటి సోమవారం నోటిఫికేషన్, బుధ, గురువారాల్లో నామినేషన్లు, శుక్రవారం పరిశీలన, ఉపసంహరణ, గుర్తుల కేటాయింపు. తర్వాతి వారం ప్రచారం. ఆ గురువారం తరగతి ప్రతినిధుల ఎన్నిక, శుక్రవారం ఉదయం ప్రధానమంత్రికి పోలింగ్, మధ్యాహ్నం లెక్కింపు.

ప్రతి తరగతి నుంచి ఒక అమ్మాయి, ఒక అబ్బాయి, మొత్తం పది మంది. వీళ్లని ఎవరి తరగతి గదిలో వాళ్లే చీటీల మీద ఎన్నుకుంటారు. "అమ్మాయిలెవరూ ముందుకు రారు సార్" అనే మాట మీకూ వినపడుతుంది. పంచాయతీల్లో సగం సీట్లు మహిళలకి ఉన్నాయని గుర్తు చేస్తే ఆ వాదన ఆగిపోతుంది, ఎవరో ఒకరు లేస్తారు కూడా. ప్రధానమంత్రిని మాత్రం బడి అంతా ఓటేసి ఎన్నుకుంటుంది. ఉప ప్రధాని తప్పనిసరిగా తొమ్మిదో తరగతి నుంచే ఉండాలి. ఎందుకో చివర్లో చెబుతాను.

నామినేషన్ ఒక పేజీ. పేరు, తరగతి, పోటీకి కారణం ఐదు వరుసల్లో, తల్లిదండ్రుల సంతకం. వీటికి తోడు ఐదు తరగతుల నుంచి ఒక్కొక్కరి బలపరిచే సంతకం. ఈ ఐదు సంతకాల నియమం చిన్నదే గానీ పెద్ద గొడవ తప్పిస్తుంది. మన హైస్కూళ్లకి నాలుగైదు ఊళ్ల నుంచి పిల్లలొస్తారు. వదిలేస్తే ఓటు ఊరిని బట్టీ వాడని బట్టీ పడుతుంది, లేదా 45 మంది ఉన్న తరగతి 30 మంది ఉన్న తరగతిని ఓడిస్తుంది. ఐదు సంతకాలు కావాలంటే పదో తరగతి అబ్బాయి ఆరో తరగతి గదికి వెళ్లి అడగాల్సిందే.

మార్కుల అర్హత పెట్టకండి. పెట్టమని కొందరు టీచర్లు గట్టిగానే అంటారు. పెడితే ప్రతి ఏడాదీ అదే ఫస్ట్ ర్యాంకు పిల్లలు వస్తారు, వాళ్లకి ఒలింపియాడ్లూ ఉపన్యాస పోటీలూ ఇప్పటికే ఉంటాయి. నిరుటి హాజరు 75 శాతం ఉండాలనడం మాత్రం న్యాయమే. బడికి రాని మంత్రితో పని జరగదు.

ప్రచారానికి ఒక్కొక్కరికి చేత్తో రాసిన రెండు పోస్టర్లు, ప్రార్థన సమయంలో మూడు నిమిషాల ప్రసంగం. చాక్లెట్లు పంచకూడదని నోటిఫికేషన్‌లోనే రాయాలి, అయినా పంచుతారు. అప్పుడు నామినేషన్ రద్దు చేస్తే ఇంటి నుంచి పెద్దలు దిగుతారు. ప్రసంగంలో ఒక నిమిషం కోస్తే సరిపోతుంది. "రోజూ గేమ్స్ పీరియడ్", "హోంవర్క్ రద్దు" లాంటి హామీలను మనం కొట్టేయక్కర్లేదు. ప్రసంగం తర్వాత రెండు ప్రశ్నలకి అవకాశమివ్వండి. "ఎట్ల చేస్తవన్నా?" అని ఆరో తరగతి పిల్ల అడిగితే ఆ హామీ అక్కడే రాలిపోతుంది.

బ్యాలెట్ విషయం కాస్త వివరంగా రాయాలి, తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే. ఏ4 కాగితాన్ని నాలుగు చేస్తే 53 కాగితాలకి 212 బ్యాలెట్లు వస్తాయి, చెడిపోయేవాటికి డజను మిగులుతాయి. పేరు పక్కన గుర్తు, ఆ పక్కన ఖాళీ గడి, చివరి వరుసలో నోటా. 2013 నుంచి దేశంలో ఉన్నదాన్ని బడిలో దాచడం దేనికి? పెన్నుతో టిక్కు పెట్టనిస్తే రాత గుర్తుపడతారు. ఇంకు ప్యాడ్‌లో అద్దిన పెన్ను మూతతో సున్నా ముద్ర వేయిస్తాం. ఇక్కడే చిక్కు. తడి ఇంకుతో కాగితాన్ని పైనుంచి కిందికి మడిస్తే ముద్ర ఇంకొకరి గడిలోనూ అచ్చు పడుతుంది. సున్నాకి ఎడమ కుడి తేడా ఉండదు, ఏది అసలుదో తేల్చలేం. పంచాయతీ ఎన్నికల్లో బాణాల స్వస్తిక్ ముద్ర వాడేది అందుకే, తిరగబడిన అచ్చు చూడగానే తెలిసిపోతుంది. మన దగ్గర అది ఉండదు గనక ముందు నిలువుగా, తర్వాతే అడ్డంగా మడవమని బూత్ దగ్గర ఒక నమూనా వేలాడదీయాలి. నిలువుగా మడిస్తే అచ్చు అదే అభ్యర్థి వరుసలో పడుతుంది.

ఒక్కొక్కరికి ముప్పావు నిమిషం పడుతుంది. 200 మందికి ఒక్క బూత్ అయితే రెండున్నర గంటలు, రెండయితే గంటంబావు. అట్టపెట్టెలు కోసి రెండు పెట్టండి. ఆరో తరగతిని ముందు పంపండి, పెద్దవాళ్లని చూసి వెయ్యాలన్న ఆలోచనకి సమయం దొరకదు. ఎడమ చూపుడు వేలికి మార్కర్ చాలు, మైసూర్‌లో తయారయ్యే అసలు సిరా మనకి దొరికేది కాదు. ఫోన్లో ఈవీఎం యాప్‌లు ఉన్నాయి, పిల్లలకి ఆ బీప్ మోత మహా సరదా. ఓడినవాడు మళ్లీ లెక్కించమంటే చూపించడానికి కాగితం ఉండాలి కాబట్టి నేను బ్యాలెట్ వదల్లేదు.

లెక్కింపులో ముందు పెట్టెలోని కాగితాలు లెక్కపెట్టి, జాబితాలో టిక్కులతో సరిచూడాలి. ఆ తర్వాతే పేర్లవారీగా 25 చొప్పున కట్టలు. రెండు గడుల్లో ముద్ర ఉంటే చెల్లదు. గీత మీద పడితే ఎక్కువ భాగం ఎటుంటే అటు. ఈ రెండూ పోలింగ్‌కి ముందే అభ్యర్థుల ఏజెంట్లకి చెప్పి ఉంచాలి. లెక్కింపు మధ్యలో నియమం చెబితే ఎవరికి అనుకూలంగా చెప్పామో అప్పుడే పిల్లలు తేల్చేస్తారు. సమానంగా వస్తే చీటీ తీయడమే, 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 65వ సెక్షన్‌లో ఉన్నదీ అదే. పంచాయతీ ఎన్నికల డ్యూటీ చేసిన టీచర్లు స్టాఫ్‌లో ఉంటారు, వాళ్లని కూర్చోబెడితే ఈ పని ఒక గంట.

రెండో స్థానంలో వచ్చిన అభ్యర్థిని ప్రతిపక్ష నాయకుణ్ణి చేయండి. ఓడిపోయి మూలన కూర్చునే పిల్లవాడికి ఏడాదంతా ప్రశ్నలడిగే హక్కు దక్కుతుంది. శాఖలు ఆరు చాలు: చదువు, ఆరోగ్యం-పారిశుధ్యం, భోజనం, నీళ్లు-తోట, ఆటలు, గ్రంథాలయం. అందులో ఒకటి ఉప ప్రధానికి. ఒకరు స్పీకర్. మిగిలిన ముగ్గురూ ప్రతిపక్షంలో.

మీటింగు నెలకొకటి, నాలుగో శనివారం. ఆ రోజు నో బ్యాగ్ డే కాబట్టి ఎవరి పీరియడూ పోదు. నలభై నిమిషాలు, ఎజెండాలో మూడు అంశాలకి మించకూడదు. మొదటి పది నిమిషాలు ప్రతిపక్షం ప్రశ్నలు. రిజిస్టర్‌లో ఆరు గడులు గీయించండి: తేదీ, సమస్య, తీర్మానం, ఎవరు చేయాలి, ఎప్పటిలోగా, ఏమైంది. చివరి గడి ఖాళీగా ఉన్న అంశంతోనే వచ్చే మీటింగు మొదలవ్వాలి. నేను చివరి బెంచీలో కూర్చుంటాను. నోరు మూసుకుని కూర్చోవడం ఈ మొత్తం పనిలో కష్టమైన భాగం. పిల్లలు తప్పు దారిలో వాదిస్తుంటే నాలుక దురద పెడుతుంది. పది నిమిషాలు ఓపిక పడితే వాళ్లలోనే ఎవరో ఒకరు ఆ మాట అంటారు.

భోజనం మంత్రి పని రోజూ ఉండేది, లెక్కతో కూడినది. మధ్యాహ్న భోజనానికి ఆరు నుంచి ఎనిమిది తరగతుల వాళ్లకి మనిషికి బియ్యం 150 గ్రాములు, పప్పు 30, కూరగాయలు 75, నూనె ఏడున్నర గ్రాములని కేంద్రం నిర్ణయించిన కొలత. ఆ మూడు తరగతుల నుంచి 120 మంది వస్తే బియ్యం 18 కిలోలు, పప్పు 3 కిలోల 600, కూరగాయలు 9 కిలోలు. మొదటి పీరియడ్ అయ్యాక హాజరు తీసుకుని ఈ గుణకారం చేసి బోర్డు మీద రాయడం వరకే మంత్రి పని. తూకం దగ్గర టీచర్ ఉండాలి, వడ్డించే ముందు రుచి చూసి రిజిస్టర్‌లో సంతకం పెట్టేదీ టీచరే. వంట చేసే అక్కతో మంత్రి నేరుగా గొడవకి దిగకూడదు. ఆమె అదే ఊరి మనిషి, అదే బడిలో చదివే ఇంకో పిల్లకి తల్లి. "పప్పు నీళ్లలాగుంది" అని అందరి ముందూ పిల్లవాడు అంటే సాయంత్రానికి అది ఊరి తగాదా అవుతుంది. రిజిస్టర్‌లో రాస్తే చాలు, మాట్లాడేది పెద్దవాళ్లు.

డబ్బు పిల్లల చేతికి ఇవ్వకూడదు, పది రూపాయలైనా సరే. సలహా హక్కు మాత్రం ఇవ్వొచ్చు. 101 నుంచి 250 మంది ఉన్న బడికి సమగ్ర శిక్ష పథకం నుంచి బడి నిర్వహణకి వచ్చే కాంపోజిట్ గ్రాంటు ఏడాదికి 50,000 రూపాయలు, అందులో కనీసం పది శాతం స్వచ్ఛతకి ఖర్చు పెట్టాలి. అంటే 5,000. చీపుర్లా, ఫినాయిలా, సబ్బులా, కారుతున్న కుళాయా అన్న వరుస క్రమాన్ని పార్లమెంటుని రాయమనండి. ఏ కుళాయి ఎన్నాళ్లుగా కారుతోందో స్టాఫ్ రూములో ఎవరికీ తెలియదు, వాళ్లకి తెలుసు. బిల్లులూ చెల్లింపులూ హెచ్‌ఎం గారివే.

క్రమశిక్షణ పేరుతో నాయకుల చేతికి బెత్తం, బోర్డు మీద "మాట్లాడినవారు" జాబితా ఇచ్చే అలవాటు మన బడుల్లో పాతది. 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షని, మానసిక వేధింపునీ నిషేధించింది. టీచర్‌కి లేని అధికారం పద్నాలుగేళ్ల పిల్లవాడికి ఎక్కడి నుంచి వస్తుంది? ప్రమాణ స్వీకారం రోజే ఈ మాట అందరి ముందూ చెప్పాలి.

ఫిర్యాదుల పెట్టెకి రెండు తాళాలు, ఒకటి హెచ్‌ఎం గారి దగ్గర, ఒకటి పార్లమెంటు సలహాదారైన మేడం దగ్గర. పిల్లల దగ్గర ఉండకూడదు. ఫ్యాను తిరగడం లేదన్నది పార్లమెంటుకి వెళ్తుంది. ఒంటి మీద చేయి వేశారన్న చీటీ పార్లమెంటుకి వెళ్లదు, స్టాఫ్ మీటింగులో చర్చకీ రాదు. పిల్లలపై లైంగిక నేరాల మీద వచ్చిన 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకి చెప్పాల్సిందే, చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది. ఆ పిల్ల పేరు ఎక్కడా బయటికి పొక్కకూడదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు పెట్టె మీదే రాసి ఉంచండి. సలహాదారులు ఇద్దరుండాలని, అందులో ఒకరు మేడం అయి ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే. అన్నట్టు, మంత్రులతో వాట్సాప్ గ్రూపు పెట్టకండి. చెప్పాల్సింది నోటీసు బోర్డు మీద చెప్పొచ్చు.

పిల్లలకి బయట దక్కే అవకాశాలు కూడా ఉన్నాయి. తొమ్మిది, పది తరగతుల వాళ్లు ఎన్నికల సంఘం 2018లో మొదలుపెట్టిన ఎలక్టొరల్ లిటరసీ (ఎన్నికల అవగాహన) క్లబ్బులో ఉండొచ్చు. పార్లమెంటరీ వ్యవహారాల శాఖ నడిపే జాతీయ యువ పార్లమెంటు కార్యక్రమానికి బడి తరఫున నమోదు కావొచ్చు. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ కూర్చున్నప్పుడు ప్రధానమంత్రికి పది నిమిషాలు అడిగి పెట్టండి, అమ్మలు శ్రద్ధగా వింటారు. స్వపరిపాలన దినోత్సవం ఎలాగూ ఉంటుంది. చీరలు, కళ్లజోళ్లతో అయిపోకుండా ఉండాలంటే పాఠ ప్రణాళిక ముందురోజే రాయించి, అసలు టీచర్ ఆ పీరియడ్ అంతా వెనక బెంచీలో ఉండాలి.

డిసెంబరు నాటికి పదో తరగతికి ప్రత్యేక తరగతులు మొదలై ఉంటాయి. మార్చిలో బోర్డు పరీక్షలు. అప్పటి నుంచి పదో తరగతి మంత్రులు మీటింగులో ఉన్నా మనసు సైన్సు పేపర్ మీదే ఉంటుంది. ఉప ప్రధాని తొమ్మిదో తరగతి నుంచి ఉండాలన్నది ఇందుకే. జనవరి 26న జెండా వందనం తర్వాత అందరి ముందూ రిజిస్టర్ చేతులు మారుతుంది. తేలని అంశాలను కొత్త పుస్తకం మొదటి పేజీలో ఎర్ర ఇంకుతో ఎత్తి రాయిస్తాం. నిరుడు అలా ఎక్కినవి మూడు: గ్రంథాలయం కిటికీ, సైకిల్ స్టాండు రేకు, అమ్మాయిల మరుగుదొడ్డి గొళ్లెం. గొళ్లెం ఫిబ్రవరిలో పడింది. మిగతా రెండింటికీ "నిధులు రాగానే" అని హెచ్‌ఎం గారి సంతకం ఉంది.