పదకొండేళ్లు నా ఆఫీసు ఒక బెంచీ

నిన్న సాయంత్రం రెరా, అంటే రియల్ ఎస్టేట్ అమ్మకాలను అదుపు చేసే ప్రభుత్వ సంస్థ, ఇచ్చిన ఏజెంటు సర్టిఫికెట్ చేతికొచ్చింది. ప్రింటు తీయించి లామినేషన్ చేయించాను. కోపం చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నా.

అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర టీ కొట్టు బెంచీ మీద కూర్చుని పదకొండేళ్లుగా ప్లాట్లు, ఇళ్ల బేరాలు చూస్తున్నాను. ఒకరి పాత ఇల్లు ఇంకొకరికి ఇప్పించడానికి ఏ రిజిస్ట్రేషన్ నంబరూ అక్కర్లేకపోయింది. కానీ రెరాలో రిజిస్టరైన వెంచర్లో ప్లాటు అమ్మిపెట్టాలంటే ఏజెంటు కూడా రిజిస్టరవ్వాలి. లేకపోతే రోజుకు పది వేల జరిమానా, అది ఆ ప్లాటు ధరలో 5 శాతం దాకా పోవచ్చు. హైవే మీద వెంచర్ వేసిన ఆయన "నంబరు లేకపోతే కమీషన్ లేదప్పా" అని తేల్చేశాడు.

నేను ఇంటర్ తప్పినవాణ్ని. డిగ్రీ అడుగుతారేమోనని భయపడ్డా. 2016 నాటి రెరా చట్టంలో ఏజెంటుకు ఫలానా చదువు ఉండాలని ఎక్కడా లేదు. మహారాష్ట్రలో మాత్రం 2023లో శిక్షణ, పరీక్ష పెట్టారు. ఇక్కడ పెట్టినా నాకు దిగులు లేదు. అడంగల్, 1బి లాంటి రెవెన్యూ రికార్డులు, ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పత్రం), పాత లింకు డాక్యుమెంట్లు ముందు పెట్టండి, ఆ సర్వే నంబరు 22ఎలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో ఉందా, లేక పాత రికార్డులో యజమాని పేరు చోట చుక్కలు పెట్టిన చుక్కల భూమా అన్నది టీ చల్లారేలోపు చెప్తా.

ఆధార్, పాన్, ఫోటో ఒక పూట పని. వ్యక్తిగా కడితే ఫీజు పది వేలు, నంబరు ఐదేళ్లు చెల్లుతుంది. మూడేళ్ల ఐటీ రిటర్నులు అడిగారు. నేనెప్పుడూ వేసింది లేదు, పన్ను పడేంత ఆదాయం లేదని డిక్లరేషన్ ఇచ్చా.

ఆ తర్వాత నెట్ సెంటర్ అబ్బాయి తల ఎత్తకుండా అడిగాడు, "అన్నా, ఆఫీసు అడ్రస్ ప్రూఫ్?"

బెంచీకి ప్రూఫ్ ఎక్కడినుంచి తేవాలి?

ఆ వెనక సందులో ఒక సింగిల్ షట్టర్ ఖాళీగా ఉంది. ఓనరు తెలిసిన పెద్దాయనే. ఆయన మిగతా షాపులకు ముగ్గురు అద్దెవాళ్లను తెచ్చిపెట్టింది నేనే, అగ్రిమెంట్లు రాయించిందీ నేనే. ధైర్యంగా వెళ్లా. స్టూలు చూపించి కూర్చోమన్నాడు, తను కుర్చీలో కూర్చున్నాడు.

"అద్దెకు ఇస్తాలే. కాగితం మాత్రం అడగొద్దు."

"పెద్దాయనా, కాగితం కోసమే కదా షాపు తీసుకుంటున్నది."

"ఏమప్పా, నువ్వు బ్రోకరువి. కాగితం చేతికిస్తే రేపు షాపే నాదంటావు. మీవాళ్ల సంగతి నాకు తెలీదా?"

అక్కడే ఆయన కోడలు, నేను తెచ్చిపెట్టిన టైలరు ఉన్నారు. టైలరు టేపు మెళ్లో వేసుకుని నేల చూస్తూ నిలబడ్డాడు. నాకు మాట రాలేదు. వందల మందికి పదకొండు నెలల అగ్రిమెంట్లు రాయించాను, నాకొకటి కావాల్సొచ్చేసరికి దొంగనయ్యాను.

మూడుసార్లు తిరిగా. నాలుగోసారి మా ఆవిడ వెళ్లి ఆయన భార్యతో మాట్లాడింది. అడ్వాన్సు యాభై వేలు, అద్దె నాలుగు వేలు. అడిగినంతా ఇచ్చి సంతకం పెట్టించుకున్నా. అంతా అయిపోయిందనుకుంటే దరఖాస్తు లోపం ఉందని వెనక్కొచ్చింది. కరెంటు బిల్లు ఆయన చనిపోయిన తండ్రి పేరు మీద ఉంది. మళ్లీ స్టూలు, మళ్లీ బతిమాలడం. నోటరీ అఫిడవిట్ ఇచ్చేదాకా ఇరవై రోజులు పట్టింది.

కొత్తవాళ్లకు నేను చెప్పేది ఒకటే: ఫీజు కట్టేముందు అడ్రస్ సంగతి చూసుకోండి. అద్దెకు తీసుకునేముందు కరెంటు బిల్లు ఎవరి పేరున ఉందో అడగండి, ఓనరు పేరు కాకపోతే ఇంకో షాపు చూసుకోండి. పదిహేను వేలిస్తే మొత్తం నేనే చేస్తానని ఒకాయన నా వెంట తిరిగాడు. ఆయన చేసే పని నెట్ సెంటర్ అబ్బాయి మూడు వందలకు చేశాడు. ఇంకొకటి, రెరా నంబరు లేని వెంచర్లో ప్లాట్లు మనం అమ్మకూడదు. ఎంత కమీషన్ ఆశ పెట్టినా సరే.

ఈ పొద్దున షట్టర్ మీద నంబరుతో సహా బోర్డు రాయించా. పెయింటు ఆరకముందే ఓనరు వచ్చాడు. అద్దాలు తుడుచుకుని పైనుంచి కిందికి చదివాడు.

"ప్రభుత్వ నంబరా అప్పా ఇది?"

"అవును పెద్దాయనా."

"అయితే వచ్చే ఏడాది అద్దె ఐదు వందలు పెంచాల."